కేక మీద కేక: గాల్ కామిక్ ప్రాజెక్టు డైరీ

ఇది ముప్పై రెండు పేజీల నవ్వుల కామిక్. కాలం క్రీ.పూ. 52 చలికాలం. చోటు గాల్, అంటే దాదాపుగా ఇప్పటి ఫ్రాన్స్. తెలుగులో చారిత్రక కామిక్ వేద్దామనుకునేవాళ్లకి పనికొస్తుందని, పని ఎక్కడ ఆగిందో, ఏది ఎందుకు మార్చానో రాసి పెడుతున్నాను. గాల్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఫ్రెంచ్ కామిక్ సిరీస్ ఆస్టెరిక్స్ ఎలాగూ ఉంది. దాని నీడ పడకుండా మొదట్లోనే మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాను: మంత్రపు కషాయం లేదు, రోమన్లకి లొంగని పల్లె లేదు, పేరు చివర ‘రిక్స్’ ఉన్న పాత్ర ఒక్కటే, అదీ చరిత్రలో నిజంగా ఉన్నవాడే.

దశ 1: కథకి కొలత

కథ రోమన్ సేనాని సీజర్ రాసిన గాలిక్ యుద్ధాల ఏడో పుస్తకంలో రెండు మూడు వాక్యాల నుంచి వచ్చింది. సెనబమ్‌లో (ఇప్పటి ఓర్లియాన్) కర్నూటు తెగవాళ్లు తెల్లవారగానే రోమన్ వర్తకుల్ని చంపేశారు. చచ్చినవాళ్లలో సీజర్‌కి ధాన్యం సరఫరా చూసే గాయస్ ఫూఫియస్ కీటా కూడా ఉన్నాడు. గాల్‌లో పెద్ద వార్త ఏదైనా ఉంటే పొలంలోంచి పొలంలోకి కేకేసి చెప్పుకుంటారట. ఆ కేకల మీదే ఈ కబురు రాత్రి మొదటి జాము ముగిసేలోపు 160 మైళ్ల దూరంలోని అర్వర్ని తెగ నేలకి చేరిందని సీజర్ రాశాడు.

కేకలతో వెళ్లే వార్త దారిలో మారకుండా ఉంటుందా? కథ అంతే. స్క్రిప్టుకి ముందు లెక్క వేశాను.

1. రోమన్ మైలు సుమారు 1.48 కిలోమీటర్లు. 160 మైళ్లంటే దాదాపు 237 కిలోమీటర్లు.
2. రోమన్లు రాత్రిని నాలుగు జాములు చేస్తారు. అక్కడి చలికాలంలో పగలు చిన్నది కాబట్టి, సూర్యోదయం నుంచి మొదటి జాము చివరిదాకా పన్నెండున్నర గంటలు, అటూ ఇటూగా.
3. అంటే వార్త వేగం గంటకి 19 కిలోమీటర్లు.
4. మనిషికీ మనిషికీ మధ్య 500 మీటర్లు అనుకుంటే (ఇది నా ఊహ) 474 మంది కావాలి. ఒక్కొక్కరికి దొరికేది 95 సెకన్లు.

ఈ 95 సెకన్లే పుస్తకానికి లయ ఇచ్చాయి. వినాలి, తప్పుగా అర్థం చేసుకోవాలి, పక్కవాడితో గొడవ పడాలి, ఒక గుక్క బార్లీ బీరు తాగాలి, మళ్లీ కేకెయ్యాలి. మొదటి చిత్తుప్రతిని స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివితే ఒక్కో సన్నివేశం నాలుగు నిమిషాలు దాటింది. అందుకని ఒక కేకరికి ఒక పేజీ మించకూడదని గీత గీశాను. 474 మందినీ గీయలేం కాబట్టి 11 మందికి ముఖాలు ఇచ్చి, మిగతావాళ్లని పేజీ అడుగున సన్నటి పటంలో చుక్కలుగా పెట్టాను. పటం పక్కన మిగిలిన మైళ్లు: 160, 148, 131... పేజీ తిప్పితే అంకె తగ్గుతుంది.

నవ్వు మొదట తప్పుగా వినడం మీద నడిచింది. ఒకడు ఒకటంటే ఇంకొకడికి ఇంకోటి వినపడుతుంది. మూడో మనిషి దగ్గరే చదివేవాడికి విసుగొచ్చేస్తుంది, తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిపోతుంది కాబట్టి. మార్చాను: అందరికీ చెవులు బాగానే ఉంటాయి, కానీ ప్రతివాడికీ వార్తని కాస్త వంచడానికి సొంత కారణం ఒకటి ఉంటుంది. ఇప్పుడు వరస ఇలా ఉంది (మైళ్లు సెనబమ్ నుంచి లెక్క):

• మైలు 0: “రోమన్ వర్తకుల్ని చంపేశారు! ధాన్యం అధికారి కూడా పోయాడు!”
• మైలు 1, లువార్ నది వంతెన దగ్గర సుంకంవాడు: “వర్తకులు పోయారు సరే, నా బాకీ ఎవరు కడతారు మామా?”
• మైలు 55, గింజలు దాచుకున్న రైతు: “ధాన్యం పోయిందట! ధర పెంచండి!”
• మైలు 90, బిటురిజెస్ తెగ మనిషి: “ఎవరో ఎక్కడో ఏదో చేశారట. మేం చూడలేదు, మేం వినలేదు. పక్కవాళ్లకి చెప్పండి.”
• మైలు 130: “సీజర్‌కి తిండి గింజల్లేవు!”
• మైలు 160: “సీజర్ ఆకలితో చచ్చాడు!”

బిటురిజెస్ మనిషి గోడమీద పిల్లిలా మాట్లాడడం ఊరికే పెట్టింది కాదు. అప్పటికి వాళ్లు ఈడూయి తెగ రక్షణలో ఉన్నారు, ఈడూయిలు రోమ్‌కి పాత స్నేహితులు. ఏ పక్కకి మొగ్గినా చిక్కే. చదివినవాళ్లకి అన్నిటికంటే నచ్చిన పేజీ ఇదే.

కథని మొదట్నుంచి చివరిదాకా కలిపే మనిషి ఉండాలని, సెనబమ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ ద్రాక్షసారా వర్తకుడిని పెట్టాను. కంచరగాడిద బండి మీద పారిపోతుంటాడు. గాల్‌లో బాటసారుల్నీ వర్తకుల్నీ ఆపి బలవంతంగా కబుర్లు చెప్పించుకుంటారని, ఆ గాలి మాటలు నమ్మి పెద్ద పెద్ద నిర్ణయాలు తీసేసుకుని తర్వాత విచారిస్తారని సీజరే నాలుగో పుస్తకంలో అంటాడు. కాబట్టి ఏ ఊరికెళ్లినా ఇతన్ని ఆపుతారు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, బండి గంటకి నాలుగు కిలోమీటర్లు పోతే పన్నెండున్నర గంటల్లో 50 కిలోమీటర్లు. 237లో ఐదో వంతు. గుర్రం ఇచ్చినా గంటకి 19 చొప్పున రోజంతా పరుగెత్తదు. వర్తకుణ్ణి ఆరో పేజీలో వదిలేశాను. వదిలేముందు ఒక ఊళ్లో అతనికి వార్త చెప్తారు: ద్రాక్షసారా అమ్మేవాడు ఘోరంగా చచ్చాడని. తన చావు గురించి తనకంటే ఊరివాళ్లకే ఎక్కువ తెలుసు. ఆరు పేజీలకి అతను చాలు.

ఇప్పటికి: కథ 28 పేజీలు, పటం, పేరు పేజీ వగైరా 4. స్క్రిప్టు 28/28. పెన్సిల్ 0.

దశ 2: బొమ్మలకి ఆధారాలు

ఇక్కడ పేజీలు ఎక్కువ చెత్తబుట్టలోకి వెళ్లాయి. గాల్ అనగానే మన చెయ్యి గీసేవాటిలో సగం 19వ శతాబ్దపు చిత్రకారుల సొత్తు.

హెల్మెట్‌కి రెక్కలు తీసేశాను. క్రీ.పూ. మొదటి శతాబ్దపు గాల్ హెల్మెట్ అంటే ఇనుప టోపీ, చెంపలకి రేకులు, వెనక మెడ మీదికి చిన్న అంచు. రెక్కలు పోతే పాత్రలు గుర్తుపట్టడం కష్టమైంది, అన్నీ బోర్లించిన గిన్నెల్లాగే ఉన్నాయి. గుర్తింపుని హెల్మెట్ నుంచి జుట్టుకి మార్చాను. సున్నపు నీళ్లతో జుట్టు తడిపి వెనక్కి దువ్వుకుంటారని, అది గుర్రం జూలులా బిరుసుగా నిలబడుతుందని గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. ఒకడికి జూలు నిటారుగా, ఒకడికి పక్కకి వాలి, ఒకడికి వానలో సున్నం కారి.

గుండ్రటి గుడిసెలు కూడా పోయాయి. అవి ఎక్కువగా బ్రిటన్‌వి. గాల్‌లో మామూలుగా నలుచదరపు ఇళ్లు: కర్ర చట్రం, తడికకి మట్టి మెత్తు, పైన గడ్డి కప్పు. వెనక దృశ్యాలు ఉన్న ప్యానెళ్లు (పేజీలో ఒక్కో బొమ్మ గడి) చాలావరకు మళ్లీ గీశాను. నిలువురాళ్లు అసలు పెట్టలేదు, గాల్ తెగలకి అవి అప్పటికే వేల ఏళ్ల నాటి పాతరాళ్లు.

గుర్రాలకి రికాబులు ఉండకూడదు. పాదం గాల్లో వేలాడాలి. ఇది గుర్తుంచుకోవడం చిన్న సంగతే, కానీ చెయ్యి అలవాటుగా రికాబు గీసేస్తుంది. లైట్ బాక్స్ పక్కన “రికాబు లేదు” అని చీటీ అంటించాను.

రోమన్ సైనికులు ఉన్నది ఒక్క పేజీలో. ఆ చలికాలం ఆరు దళాలు అజెడింకమ్‌లో (ఇప్పటి సాన్స్) ఉన్నాయి, సెనబమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. కేకలు వాళ్ల చెవిన పడతాయి, భాష రాక “స్థానికుల పాటలు” అనుకుంటారు. ఇది పూర్తిగా నా కల్పన. సినిమాల్లో చూసే పట్టీల కవచం అక్కడ పనికిరాదు. అది సీజర్ చనిపోయిన దశాబ్దాల తర్వాతే కనిపిస్తుంది. సీజర్ సైనికుడికి ఇనుప రింగుల చొక్కా, పొడవాటి కోలగా ఉండే వంపు డాలు. రింగుల కవచం గాల్ నుంచే వచ్చిందని రోమన్ రచయిత వర్రో అన్నాడు, కాబట్టి దాన్ని చూసి ఓ గాల్ రైతు “మావాళ్లది తీసుకుని మామీదికే” అని గొణుగుతాడు.

తిండి పేజీలో టమాటా, బంగాళదుంప, మొక్కజొన్న లేవు. మిరపకాయ సంగతి చెప్పక్కర్లేదు, అప్పటికి మన దగ్గరా లేదు. ఉప్పు పట్టించిన పంది మాంసం, రొట్టె, బీరు.

అన్నిటికంటే వెర్సింజెటోరిక్స్ ముఖం దగ్గర ఎక్కువ ఆగాను. మొదట్లో చెప్పిన ఆ ఒక్క ‘రిక్స్’ ఇతనే, సీజర్ మీద గాల్ తిరుగుబాటు నడిపిన అర్వర్ని కుర్రవాడు. ఆలీజ్ సాంత్ రేన్‌లో 1865లో నిలబెట్టిన ఎమే మియ్యే విగ్రహానికి గుబురు మీసం, పొడవు జుట్టు. జనం మనసులో ఉన్న ముఖం అదే. కానీ అతని పేరున్న బంగారు నాణేల మీద మీసం గడ్డం లేని కుర్రవాడి తల, ఉంగరాల జుట్టు. అది అతని రూపమో, ఏ దేవుడి రూపమో చెప్పలేం. నాణెం వైపే వెళ్లాను, కారణం చరిత్ర కాదు, నవ్వు: అందరికీ మీసాలున్న సభలో మీసంలేని కుర్రవాడు లేచి “యుద్ధం” అంటే, పెద్దలు ముందు అతని మూతి వైపే చూస్తారు.

ఇప్పటికి: పెన్సిల్ 19/28, అందులో మళ్లీ గీసినవి 9.

దశ 3: చివరి ఎనిమిది పేజీలు, ఒక దుప్పటి

నేను సొంతంగా రాసిన జోకుల్లో ఎక్కువ భాగం ఈ దశలో పోయాయి. వాటి చోట్లోకి వచ్చినవన్నీ ప్రాచీన రచయితలు చాలా సీరియస్‌గా రాసిన సంగతులే.

గొప్పింటి గాల్‌లు చెంపలు గీయించుకుని మీసం మాత్రం నోరు కప్పేలా పెంచుతారని, తినేటప్పుడు తిండి అందులో ఇరుక్కుంటుందని, తాగేది వడపోసినట్టు దిగుతుందని డయోడోరస్. పొట్ట పెరగకుండా జాగ్రత్త పడతారని, నడుం పట్టీ కొలత దాటిన కుర్రవాళ్లకి శిక్ష వేస్తారని పాత చరిత్రకారుడు ఎఫోరస్ చెప్పాడంటూ గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో. ఈ రెండోది రెండు ప్యానెళ్లలో పెట్టి వదిలేశాను. లావు మనిషి మీద జోకు ఒకసారికి మించి మోయదు.

అసలు నిధి స్ట్రాబో చెప్పిన ఇంకో సంగతి. సభలో ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డొస్తే, ఒక సేవకుడు కత్తి దూసి దగ్గరికొచ్చి నోరు మూసుకోమంటాడు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. అప్పటికీ ఆగకపోతే ఆ మనిషి పైదుప్పటిలోంచి ఇక పనికిరాకుండా పోయేంత ముక్క కోసేస్తాడు.

దీన్ని 95 సెకన్లతో కలిపాను. చివరి కేకరి కాటుమారోస్ “సీజర్ చచ్చాడు!” అంటూ అర్వర్నిల కోట ఊరు జెర్గోవియాలో సభలోకి దూసుకొస్తాడు. సొంత అన్న కొడుకే యుద్ధానికి రమ్మంటున్నాడని వెర్సింజెటోరిక్స్ బాబాయి గొబానిషియో అప్పటికే మండిపడుతున్నాడు. వెనక నుంచి ప్రతి 95 సెకన్లకీ ఒక సవరణ వస్తుంటుంది: చావలేదట, ఆకలేనట, ఆకలి కూడా కాదు ధాన్యమట, ధాన్యం కాదు ధాన్యం అధికారట. ప్రతిసారీ కాటుమారోస్ సభకి అడ్డం రాక తప్పదు. దుప్పటి ముక్కలవుతూ ఉంటుంది. ఒకసారి కోశాక మళ్లీ మళ్లీ కోయడం స్ట్రాబోలో లేదు, అది నేను సాగదీసింది.

మొదటి పెన్సిళ్లలో దుప్పటి ఒక ప్యానెల్‌లో మోకాలి దాకా, తర్వాతి దాంట్లో నడుం దాకా, ఆ తర్వాత మళ్లీ మోకాలి దాకా వచ్చింది. దాంతో జోకు చచ్చిపోయింది. ఒక కొలతల పట్టీ తయారుచేసి గోడకి అంటించాను. కొలత తలల్లో (పాత్ర తల ఎత్తు ఒక యూనిట్):

1. పేజీ 21: 4 తలలు, పిక్కల దాకా.
2. పేజీ 23: 3 తలలు.
3. పేజీ 24: 2 తలలు, కుడి అంచు ఏటవాలు.
4. పేజీ 26: 1 తల, భుజాల మీద తువ్వాలంత.
5. పేజీ 28: పిన్ను మాత్రమే మిగులుతుంది.

గళ్ల దుప్పటి కాబట్టి గళ్లు లెక్కపెట్టినా సరిపోవాలి: 12, 9, 6, 3, 0. ఎవరూ లెక్కపెట్టరు అనుకోవద్దు. మా అన్నయ్య కూతురు లెక్కపెట్టింది.

యాసల సంగతి కూడా ఇక్కడే తేలింది. ఒక్కో గాల్ తెగకి ఒక్కో తెలుగు జిల్లా యాస ఇచ్చి చూశాను. చదివినవాళ్లు వార్త ఎలా మారుతోందో చూడడం మానేసి, ఎవరి యాసని వెక్కిరిస్తున్నానా అని చూడడం మొదలుపెట్టారు. న్యాయమే. యాసలు తీసేసి తేడాని మనస్తత్వంలోకి మార్చాను: ఒకడు ప్రతి మాటకీ ఒట్టేస్తాడు, ఒకడు ప్రశ్నలే వేస్తాడు, నెర్టా అనే కేకరి మాత్రం విన్నది విన్నట్టే చెప్తుంది, అందుకే ఆమెని ఎవరూ నమ్మరు.

ఇప్పటికి: పెన్సిల్ 28/28. సొంత జోకులు 41 నుంచి 13కి.

దశ 4: ఇంకు

ఏ3 కార్ట్రిడ్జ్ పేపర్ మీద గీసి ఏ4కి తగ్గిస్తున్నాను, అంటే 70.7 శాతం. పెన్సిల్ లేత నీలం, మీద జీ నిబ్ (ఇంకులో ముంచి గీసే పాళీ), నల్లటి చోట్లకి బ్రష్. స్కాన్ 600 డీపీఐ.

0.2 మిల్లీమీటర్ల గీతలు తగ్గించాక 0.14 అయ్యాయి, ఇంటి ప్రింటర్ మీదే అక్కడక్కడా తెగిపోయాయి. గడ్డి కప్పులు మొత్తం బూడిదరంగు మచ్చలయ్యాయి. కనీస గీత 0.3 అని పెట్టుకుని, గడ్డిని అంచుల్లోనే చూపించి మధ్యలో ఖాళీ వదిలేశాను. రింగుల కవచానికీ అదే మందు: నీడ పడే వైపు మాత్రమే చిన్న అర్ధచంద్రాలు, వెలుగు వైపు ఏమీ లేదు. మొదట ఒక సైనికుడి చొక్కా అంతా రింగులు వేస్తే ఒక పూట పట్టింది, తగ్గించాక చూస్తే చేప పొలుసు.

ఇప్పటికి: ఇంకు 28/28.

దశ 5: బెలూన్లలో తెలుగు

దీని గురించి ఎక్కడా రాసింది దొరకలేదు కాబట్టి వివరంగా.

ఇంగ్లిష్ కామిక్స్‌లో ఎక్కువగా అన్నీ పెద్దక్షరాలే, ఒకే ఎత్తు, వరసలు దగ్గరగా పేర్చేయొచ్చు. మనకి కింద వొత్తులు, పైన గుడులు. వరసల మధ్య చోటు తగ్గిస్తే పై వరస వొత్తు కింది వరస గుడిని గుద్దుతుంది. చాలా చూసి ఇక్కడ ఆగాను:

1. అక్షరం 9.5 పాయింట్లు, వరస ఎత్తు 15 పాయింట్లు.
2. బెలూన్ లోపలి ఖాళీ పైన 2 మిల్లీమీటర్లు, కింద 3.5. కింద ఎక్కువ ఎందుకంటే చివరి వరస వొత్తులకి.
3. కోడిగుడ్డు ఆకారం వద్దు. మన మాటలు పొడుగు, గుడ్డు పైనా కిందా ఇమడవు. మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రం.
4. బెలూన్‌కి పది మాటలు, పేజీకి 90 మించకూడదు.

నాలుగోది బాధపెట్టింది. స్క్రిప్టులో పేజీకి సగటున 140 మాటలున్నాయి. మూడో వంతు పైగా కోసేశాను. కోసినకొద్దీ బాగుపడింది, ఎందుకంటే కేకేసేవాడు చిన్న వాక్యమే కేకేస్తాడు.

మామూలు మాటకి మండలి ఫాంటు, కేకకి రామభద్ర. ముందు మండలినే సాఫ్ట్‌వేర్‌తో బొద్దు చేస్తే ఘ, మ, య లోపలి ఖాళీలు మూసుకుపోయాయి. కృత్రిమ బోల్డు తెలుగుకి పనికిరాదు, లావుగానే పుట్టిన ఫాంటు వాడాలి.

కేకని సాగదీయడం ఇంకో తలనొప్పి. ఓత్వం గుర్తుని వరసగా నాలుగుసార్లు కొడితే చుక్కల వలయాలు వచ్చాయి, గుర్తు ఏ హల్లుకి తగిలించాలో దానికి తెలియదు. గుర్తు ఒక్కసారి కొట్టి, తర్వాత అచ్చు అక్షరాలు పెట్టాలి: ‘బావోఓఓఓయ్’. అక్షరం అక్షరానికీ సైజు పది శాతం తగ్గిస్తూ పోతే కేక దూరమైపోతున్నట్టు కనిపిస్తుంది. పుస్తకమంతా ఇదే సౌండ్ ఎఫెక్ట్. అడవిపంది తల ఉన్న కార్నిక్స్ బూర ఒక్కచోట మోగుతుంది, దానికి ‘భ్రోఓఓం’.

పాత ఫొటోషాప్ వెర్షన్లలో తెలుగు పెడుతుంటే వొత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే, టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఇంజిన్, వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయాలి. నేను బెలూన్లన్నీ ఇంక్‌స్కేప్‌లో చేశాను, అక్కడ ఆ గొడవ లేదు. పీడీఎఫ్ చేసేముందు అక్షరాల్ని పాత్‌గా (ఉత్త గీతల బొమ్మగా) మార్చి, మార్చనిది ఇంకో కాపీ దాచండి. పాత్ అయ్యాక అచ్చుతప్పు దిద్దలేం.

ఇప్పటికి: బెలూన్లు 28/28. మాటలు 3,920 నుంచి 2,410కి.

దశ 6: రంగులు, ప్రూఫు

రంగులు తక్కువే: మంచు బూడిద, మట్టి, గళ్ల దుప్పట్లకి ఎరుపు, పచ్చ, నీలం. పగలు గడిచేకొద్దీ ఆకాశం రంగు మారుతుంది, పేజీ 20 దగ్గర చీకటి.

మొదటి ప్రూఫులో అక్షరాల చుట్టూ ఎర్రటి, నీలి ఛాయలు వచ్చాయి. నలుపు ఆర్‌జీబీలో (కంప్యూటర్ తెర రంగుల పద్ధతి) ఉండి, అచ్చు కోసం నాలుగు రంగుల మిశ్రమంగా మారింది, అచ్చులో ఆ నాలుగూ వెంట్రుకవాసి పక్కకి జరిగితే చాలు, వొత్తు మసకబారుతుంది. అక్షరాలన్నీ ఉత్త నలుపు 100 శాతానికి మార్చి, ఓవర్‌ప్రింట్ (కింది రంగుని తీసేయకుండా దాని మీదే నలుపు పడడం) పెట్టాను. గీతలు కూడా విడి పొర, విడి నలుపు. రెండో ప్రూఫులో వొత్తులు గుచ్చినట్టు పడ్డాయి.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకం కాబట్టి లోపలి పేజీలు బయటికి తోసుకొస్తాయి, కత్తిరించాక వాటి వెడల్పు తగ్గుతుంది. నా కాగితానికి మధ్య పేజీల్లో ఒకటిన్నర మిల్లీమీటర్లు పోయింది. అడుగున మిగిలిన మైళ్ల అంకె సరిగ్గా బయటి అంచునే ఉంది, కొన్ని పేజీల్లో సగం తెగింది. అన్ని పేజీల్లోనూ ఆ అంకెని అంచు నుంచి 10 మిల్లీమీటర్లు లోపలికి జరిపాను. బ్లీడ్ (కత్తిరించే గీత దాటి అదనంగా ఉంచే బొమ్మ) 3 మిల్లీమీటర్లు అలాగే ఉంది.

ఇప్పటికి: అచ్చుకి సిద్ధం 27/28.

మిగిలింది పేజీ 27. గొబానిషియో, ఇతర పెద్దలు వెర్సింజెటోరిక్స్‌ని జెర్గోవియా నుంచి వెళ్లగొడతారు, ఇది సీజర్ రాసిందే. ఆ కుర్రవాడు బయట పల్లెల్లో మనుషుల్ని పోగేసుకుని తిరిగొస్తాడు. బాబాయి గెంటేసేటప్పుడు చెప్పే మాట పది మాటల్లో ఇమడాలి, కోపం ఉండాలి, పక్కన ఒక తల పొడవు దుప్పటితో నిలబడ్డ కాటుమారోస్ మీంచి చూపు తప్పించకూడదు. ప్రస్తుతం బెలూన్‌లో “ముందు మీసం రానీ, తర్వాత యుద్ధం” అని ఉంది. ఇంకో రెండు రాసి పెట్టుకున్నాను.